జంగారెడ్డి పటేల్ హాలుకు ఎనభై అయిదు అంగుళాల టీవీ

ముందే ఒప్పుకుంటున్నాను: నా చేతిలో టేపు కాస్త సాగుతుంది. ఉద్యోగమంతా టీవీలు అమ్ముతూ అంగుళాల మధ్య గడిపినవాణ్ణి. నలభై మూడు అంగుళాలు కొనడానికి వచ్చినవాడికి యాభై అయిదు మీద, యాభై అయిదుకు వచ్చినవాడికి అరవై అయిదు మీద మనసు పుట్టించడమే నా వృత్తి. రిటైరైన మర్నాడే మానెయ్యడానికి అదేమీ సిగరెట్టు కాదు. అందుకని ఇందులో ఎక్కడైనా ఏనుగు కనిపిస్తే దాన్ని దున్నపోతు కిందికి, దున్నపోతు కనిపిస్తే మేక కిందికి దించుకుని చదువుకోండి. మేక కనిపిస్తే మాత్రం ఇక దించకండి. అది నిజంగా మేకే.

మాస్కులు మూతుల మీంచి గడ్డాల మీదికి, గడ్డాల మీంచి జేబుల్లోకి దిగిన ఏడాది, ఎండాకాలం మొదట్లో నన్ను కుత్బుల్లాపూర్ బ్రాంచి నుంచి మేడ్చల్ బ్రాంచికి మార్చారు. హోదా, టీవీల సెక్షన్‌కు ఫ్లోర్ ఇన్‌చార్జ్. తెలియనివాళ్ళ కోసం ఈ హోదాల సంగతి చెప్పాలి. అందరికన్నా కింద ఉండేవాడు ప్రమోటర్. ఇతని చొక్కా టీవీ కంపెనీది, జీతం టీవీ కంపెనీది, నిలబడేది మా షోరూములో. అంటే జీతమిచ్చేది వాళ్ళు, తిట్టేది మేము. అతని పైన ఫ్లోర్ ఇన్‌చార్జ్. ఇతన్ని బ్రాంచి మేనేజరు తిడతాడు. మేనేజర్ని ఓనరు తిడతాడు. ఓనర్ని ఇంట్లో ఎవరో తిడతారని అందరం నమ్మేవాళ్ళం, చూసినవాళ్ళు లేరు.

మా భాషలో టీవీని టీవీ అనరు, ప్యానెల్ అంటారు. మేడ్చల్ బ్రాంచి గోడ మీద ఒక పటాలం ప్యానెళ్ళు ఉండేవి. అన్నిట్లోనూ ఒకటే బొమ్మ తిరుగుతూ ఉండేది: తేనె కారడం, రామచిలక రెక్క విప్పడం, నీళ్ళలో నిమ్మకాయ పడడం. ఆ నిమ్మకాయ పడడం నేను నా సొంత పెళ్ళి వీడియో కన్నా లక్ష రెట్లు ఎక్కువ చూశాను. షోరూములో ప్యానెళ్ళన్నీ డెమో మోడ్‌లో ఉంటాయి. అంటే వెలుగు, రంగు రెండూ గొంతు దాకా పెంచి పెడతారు. ఆ వెలుతురులో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకోవచ్చు. ఇంటికి తీసుకెళ్ళాక బిగించే మనిషి దాన్ని హోమ్ మోడ్‌కు మారుస్తాడు. మర్నాడు కస్టమర్ ఫోన్ చేసి, మీరు చూపించిన టీవీ వేరు, పంపించిన టీవీ వేరు అని దబాయిస్తాడు. అప్పుడు సముదాయించడం ఫ్లోర్ ఇన్‌చార్జ్ పని.

అలాంటి రోజుల్లో, వారం మధ్యలో ఒక పొద్దున, శామీర్‌పేట దగ్గరి ఒక ఊరి నుంచి జంగారెడ్డి పటేల్, ఆయన భార్య అంజమ్మ వచ్చారు. పటేల్‌కు అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, తెల్ల పంచె. ఆయన పొలాల్లో సగం అప్పటికే ప్లాట్లుగా మారాయి, ఒకప్పుడు ఊరి పంచాయతీలో మెంబరు కూడా. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, కుడి చెవి ఇష్టమైతే వింటుంది. అందువల్ల మా సంభాషణంతా షోరూము అవతలి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా తెలిసింది.

ప్రతి కస్టమరూ బొమ్మను చూస్తాడు. ఈయన బొమ్మ వైపే చూడలేదు. ప్రతి ప్యానెల్ ముందూ నిలబడి రెండు చేతులూ బారగా చాచి, తల అడ్డంగా ఊపి, పక్కదానికి వెళ్ళాడు.

"ఇండ్ల అన్నిట్లకు పెద్దది ఏది సారూ?"

ఎనభై అయిదు అంగుళాలది చూపించాను.

"గంతకన్న పెద్దది లేదా?"

అంజమ్మ అందుకుంది. "గోడ గూడ గీల్లే అమ్ముతరేమో అడుగు. మనింట్ల ఉన్నది సాలేటట్టు లేదు."

మా పద్ధతిలో ధర చెప్పేకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇంట్లో ఎవరెవరు చూస్తారు? పిల్లలుంటే ఒక రకం, వార్తలు చూసే పెద్దలుంటే ఒక రకం, సీరియళ్ళ వాళ్ళయితే ఇంకో రకం అంటగడతాం. అదే అడిగాను. పటేల్ వినిపించనట్టు నిలబడ్డాడు. కుడి చెవి కూడా సెలవు తీసుకుందని అర్థమైంది.

"ఎవ్వలు సూస్తలేరు సారూ," అంది అంజమ్మ. "గదే పరేషాన్."

తర్వాత సంగతంతా ఆవిడే చెప్పింది. క్రికెట్ మ్యాచ్ ఉన్న సాయంత్రం ఊళ్ళో సగం మంది వాళ్ళ హాలులో కూర్చోవడం ఏళ్ళ తరబడి నడిచిన ఆనవాయితీ. పొలం పని ముగించినవాళ్ళు, చెరువు మీద చేపలు పట్టేవాళ్ళు, ప్లాట్ల బేరగాళ్ళు అందరూ అక్కడే. ఆట ఒక వంతు, ముచ్చట్లు మూడు వంతులు. ఆ ఇల్లు ఒకప్పుడు ఒకటే. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నడుమ గోడ లేచింది. గోడకు అవతల తమ్ముడు రాంరెడ్డి. అందరూ ఆయన్ని చిన్న పటేల్ అంటారు. కొద్ది నెలలుగా ఇటువైపు కూర్చునే జనం ఒక్కొక్కరే అటువైపు జరిగారు. అడిగితే ఒకడు మోకాలు నొప్పి అన్నాడట, ఒకడు దోమలన్నాడట, ఇంకొకడు ఇంట్లో పొద్దున్నే లేవాలన్నాడట. ఆ మోకాలు, ఆ దోమలు, ఆ పొద్దున్నే లేవడం మాత్రం గోడకు అవతల ఎవరికీ అడ్డం రాలేదు.

పటేల్ తనంతట తానే కారణం కనిపెట్టాడు. తమ్ముడిది యాభై అయిదు అంగుళాల టీవీ. తనది నలభై మూడు.

"ఎనభై అయిదు పెడ్త," అన్నాడు. "ఇగ వాడు మళ్ళ లేవొద్దు."

"పొద్దుమీకంగనే కుర్సీలు ఏసుకోని వాకిట్లకు సూసుకుంట కూసుంటడు సారూ," అంది అంజమ్మ, గొంతు తగ్గించి. ఆయనకు వినపడకూడదని తగ్గించింది. "పదిమందికి చాయ్ పెట్టి పెట్టి అలవాటైంది. ఇప్పుడు గంత చాయ్ నేనొక్కదాన్నే తాగవడ్తి. నిద్ర వస్తలేదు."

నా ముందు ఆ ఏడాది మొత్తం మీద అతి పెద్ద అమ్మకం నిలబడి ఉంది. అయినా నన్ను తొలిచింది అది కాదు. అంతమంది అన్నేళ్ళు అదే నలభై మూడు ముందు కూర్చున్నారు కదా. అంగుళాలు తగ్గలేదు. మరి మనుషులెందుకు తగ్గారు?

అరవై అయిదు దాటిన ప్యానెల్‌కు డెలివరీ కన్నా ముందు సైట్ విజిట్ చెయ్యాలని నియమం. గేటు ఎంత వెడల్పు, మెట్లు ఎక్కడ తిరుగుతాయి, గోడ మేకు పట్టుకుంటుందా, కూర్చునేవాళ్ళు ఎంత దూరంలో ఉంటారు, ఇవన్నీ కొలవాలి. పెద్ద ప్యానెల్‌ను పడుకోబెట్టి మోస్తే అద్దం పగులుతుంది. నిలబెట్టే మోయాలి, పెళ్ళికొడుకును ఊరేగించినట్టు. అల్వాల్‌లో ఒకసారి కొలత చూడకుండా పంపిన ప్యానెల్ మెట్ల మలుపులో ఇరుక్కుని, ఇటు రాక అటు పోక, ఆ ఇంటివాళ్ళు దాని పక్కనుంచి ఒరుసుకుంటూ దిగి పిల్లల్ని బడికి పంపారు.

ఆదివారం షోరూములో కాలు పెట్టే సందుండదు. అలాంటి ఆదివారం మేనేజరు నన్ను వదిలిపెట్టాడంటే ఆ ఎనభై అయిదు అంగుళాల మహిమ మీకు అర్థం కావాలి. బిగించే పనిలో పేరున్న షఫీని వెంట తీసుకెళ్ళాను. షఫీ గోడ మీద వేలితో కొట్టి లోపల ఇటుకా సిమెంటు దిమ్మా చెప్పగలడు. వేలు నొప్పి పుడితే నా తల మీద కొట్టి చూసి, ఇది ఖాళీ సాబ్ అనేవాడు.

జంగారెడ్డి పటేల్ హాలు ఎంత పెద్దదంటే, అందులో ఒక పెళ్ళి జరుగుతుండగా ఇంకో పెళ్ళికి వంటలు వండొచ్చు, పొగ వాసన కూడా రాదు. ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా వేసి ఉన్నాయి, అన్నీ ఖాళీ. నడుమ పటేల్‌ది చెక్క కుర్చీ. ఎదురుగా గోడ మీద నలభై మూడు అంగుళాల టీవీ. దాని కింద చిన్న బల్ల, బల్ల మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద నీలం దీపం మినుకుమినుకుమంటున్న ఒక నల్ల డబ్బా. డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"మొన్న సలికాలంల మా అల్లుడు పెట్టిచ్చిండు," అన్నాడు పటేల్. "అల్వాల్ల ఉంటడు. ఇంటర్నెట్టు. కేబులోని వైరు పీకి అవతల పారేసిండు. ఇగ గా డొక్కు వైరుతోని మీకు పనిలేదు మామా అన్నడు. బొమ్మ సూడు, అద్దం లెక్క ఉంటది."

బొమ్మ నిజంగానే అద్దంలా ఉంది. నేను తల ఊపి టేపు తీశాను.

మా వృత్తిలో అనుమానాలను ఒక వరసలో తీర్చుకోవాలి. మొదటి అనుమానం పక్క చూపు. కొన్ని ప్యానెళ్ళు ఎదురుగా కూర్చుంటే బ్రహ్మాండంగా ఉంటాయి, పక్కకు జరిగితే మనుషులందరికీ జ్వరం వచ్చినట్టు పాలిపోతారు. అందుకని ప్రతి కుర్చీలోనూ కూర్చుని చూశాను. చివరి కుర్చీల్లోంచి చూస్తే ఆటగాళ్ళు కాస్త నీరసంగానే ఉన్నారు. అయితే అందరికన్నా ముందు మోకాలు నొప్పి వచ్చిన కిష్టయ్య అనే ఆయన కుర్చీ ఏదని అడిగితే, పటేల్ పక్కనే, సరిగ్గా నడుమ ఉన్నది చూపించారు. కాబట్టి అది కాదు. రెండో అనుమానం ఎండ. పడమటి కిటికీ లోంచి వెలుతురు తెర మీద పడుతోంది, నిజమే. కానీ మ్యాచ్‌లు ఎక్కువగా దీపాలు పెట్టాకే. అది కూడా కాదు. మూడోది దూరం. నడుమ కుర్చీ నుంచి చూస్తే స్కోరు అక్షరాలు నాకే చక్కగా కనపడ్డాయి, నా కళ్ళద్దాలు షోడా బుడ్డి అడుగు మందం.

"సాబ్," అన్నాడు షఫీ నా చెవిలో, "ఎనభై అయిదు పెడితే బౌలర్ ఉరికొచ్చి గీ చెక్క కుర్సీని గుద్దుతడు. ఆర్డర్ రాసుకోని నడువు, షోరూముల బిర్యానీ సల్లగైతది."

ఇంతలో మధ్యాహ్నం మ్యాచ్ మొదలైంది. పటేల్ టీవీ శబ్దం పెంచాడు. ఆ చెవికి ఎంత కావాలో అంత పెంచాడు. అంజమ్మ టీ తెచ్చింది. అదే సమయానికి గుమ్మంలో ఒక బక్కపలచని మనిషి, చేతిలో కవరుతో కనిపించాడు. ఆదివారం చెరువు చేపలు తెచ్చి ఇవ్వడం ఆయన అలవాటట. ఆయనే కిష్టయ్య. చేపలు అంజమ్మకిచ్చి, గోడ వారగా, దొంగతనానికి వచ్చి ఏమీ దొరకని మనిషిలా వెనక్కి నడుస్తున్నాడు.

"కూసో కిష్టయ్యా," అన్నాడు పటేల్.

"మోకాలు నొస్తాంది పటేలా."

"నిలవడితె నొయ్యదా, కూసుంటె నొస్తదా? ఎవడ్రా నీకు మోకాలు పెట్టింది?"

కిష్టయ్య కుర్చీ అంచు మీద, పావు వంతు మాత్రమే కూర్చున్నాడు. తెర మీద బౌలర్ బంతిని ప్యాంటుకు రుద్దుకుంటూ తన గీత దగ్గరికి నడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడు గోడ అవతల ఊరు కూలినంత పెద్ద కేక లేచింది. పంపకాల తొందరలో కట్టిన ఒంటి ఇటుక గోడ అది. అవతల దగ్గితే ఇవతల మందు వేసుకోవచ్చు. కేకతో పాటు ఎవరో ఈల కూడా వేశారు.

తెర మీద బౌలర్ ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

నేను కిష్టయ్య వైపు చూశాను. ఆయన టీవీని చూడడం లేదు, నేలను చూస్తున్నాడు. బౌలర్ తిరిగాడు, పరుగెత్తాడు, వేశాడు. బంతి వెళ్ళి జనంలో పడింది. సిక్సరు. పటేల్ చెయ్యెత్తి "కొట్టిండు!" అన్నాడు. కిష్టయ్య చప్పట్లు కొట్టాడు. అప్పటికే భోంచేసి వచ్చినవాడు మళ్ళీ విస్తరి ముందు కూర్చుంటే ఎలా తింటాడో, అలా కొట్టాడు.

కేకకూ సిక్సరుకూ మధ్య షఫీ ఒక బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి పడిపోతే వేలితో వెతికి, తీసి తినేశాడు. ఇంకోసారి చూద్దామని కూర్చున్నాను. కాసేపటికి అవతల "అయ్యో" అని మూలుగు. ఇటువైపు పటేల్ అప్పుడే, "గీ బాల్ సూడు కిష్టయ్యా, బార్డర్ దాటిస్తడు" అంటున్నాడు. కిష్టయ్య "అంతే పటేలా" అన్నాడు. వికెట్టు ఎగిరిపోయింది.

నా ఉద్యోగంలో అంత ఆనందం పొందిన క్షణాలు తక్కువ. ఇక్కడ చదువరులకు సంగతి విడమరచాలి. ఆట జరిగేచోటి నుంచి బొమ్మ ఆకాశానికెళ్ళి కిందికొచ్చాక, కేబుల్ వాడు దాన్ని తీగలో తోసేస్తాడు. అది బండి దగ్గర నిలబడి తినే ఇడ్లీ. ఇంటర్నెట్టు పార్సిల్ వ్యవహారం. బొమ్మను ముక్కలు చేస్తారు, పొట్లాలు కడతారు, దారిలో చేతులు మారుతాయి, చివరకు ఇంట్లో డబ్బా కూడా దారిలో ఆగిపోతే పరువు పోతుందని కొన్ని పొట్లాలు ముందే దాచుకుని అప్పుడు విప్పుతుంది. ఇడ్లీ అదే, రుచి అదే, కొన్ని చోట్ల ఇంకా శుభ్రం కూడా. కానీ అరనిమిషం దాకా ఆలస్యం. టీవీ సైజుతో దీనికి సంబంధం లేదు. ఎనభై అయిదు పెడితే అదే ఆలస్యం రెండింతలు పెద్దగా కనిపిస్తుంది.

కిష్టయ్యను గేటు దాకా సాగనంపే మిషతో బయటికి తీసుకెళ్ళి అడిగాను. ఆయన అటూ ఇటూ చూశాడు.

"ఎట్ల చెప్పాలె సారూ? పటేలా, మీ ఇంట్ల ఆట ఎన్కకు నడుస్తాందని నోట్లకెల్లి వస్తదా? చిన్న పటేల్ ఇంట్ల ఇంక పాత కేబులోని వైరే, గది ఫాస్ట్ టీవీ. గా గోడ అవుతల లొల్లి మాకు వినవడ్తది, పెద్దాయనకు వినవడదు. ఇప్పుడు కొడ్తడు సూడు కిష్టయ్యా అంటడు. నాకేమో వాడు ఔటైండని ఎర్క. అవునంటె అబద్ధం. కాదంటె పెద్దమనిషి మాట కొట్టేసినట్టు. గంతమందిమి ఏం జెయ్యాలె? మోకాలు నొప్పి అంటిమి."

ఇది ఇతర ఊళ్ళలో జరిగేది కాదని నా అభిప్రాయం. ఇంకోచోటైతే మొదటి రోజే ఎవడో ఒకడు, నీ టీవీ లేటురా అని నవ్వేసేవాడు. ఇక్కడ మర్యాద అడ్డం వచ్చింది. మర్యాద కోసం మనిషి మొత్తానికే రావడం మానేశాడు.

ఇప్పుడు చిక్కు నాది. మా వృత్తిలో రాయని నియమం ఒకటుంది: కస్టమర్ ఇంట్లో అప్పటికే ఉన్న వస్తువును తప్పు పట్టకూడదు. అందులోనూ అల్లుడు పెట్టించినదాన్ని, అందులోనూ బొట్టు పెట్టినదాన్ని అసలే పట్టకూడదు. షఫీ నా మొహం చూసి గ్రహించాడు. "చెప్పకు సాబ్. పెద్ద టీవీ వస్తది, పది రోజులు దాన్ని సూసెతందుకు జనం వస్తరు, ఆయన ఖుష్, మేనేజర్ ఖుష్." పది రోజుల తర్వాత ఏమవుతుందని అడిగాను. "పది రోజుల తర్వాత మనమెవరం, ఆయనెవరు?"

పెద్ద టీవీ కొన్నాక కూడా ఆ కుర్చీలు ఖాళీగా ఉంటే, ఇక ఆయన దేన్ని కారణం అనుకుంటాడన్నది నన్ను ఆపింది. తన మీదికే తీసుకుంటాడు. లోపలికి వెళ్ళి, కుడి చెవి వైపు నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

పటేల్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మా అల్లుడు పెట్టిచ్చింది లేటా? గా డొక్కు వైరు ముందట వస్తదా? టీవీ అమ్ముకునెతందుకు వచ్చినవా, మా ఇంట్ల పంచాయతి పెట్టెతందుకు వచ్చినవా సారూ?"

"నమ్మకపోతే అవతలికెళ్ళి చూడండి పటేలా," అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. గోడ లేచాక పెళ్ళికి, చావుకు తప్ప ఆయన తమ్ముడి గడప తొక్కలేదు. హాలులో ఆ నల్ల డబ్బా దీపం కూడా మినుకుమనడం ఆపి చూస్తున్నట్టనిపించింది.

అంజమ్మ గ్లాసులు తీస్తూ అంది: "పోయి సూస్తె ఏం పోతది? నేను పొద్దుగల లేస్తె చెల్లె దగ్గరికి పెరుగుకు పోతలేనా? గోడ మీకు పెట్టుకున్నరు, మాకు పెట్టలే."

చెల్లె అంటే తోడికోడలు, చిన్న పటేల్ భార్య. పటేల్ కండువా భుజాన వేసుకుని లేచాడు. వెనక నేను, నా వెనక షఫీ, షఫీ వెనక కిష్టయ్య. ఇంత చిన్న ఊరేగింపు అంత బరువుగా నడవడం నేనెక్కడా చూడలేదు.

చిన్న పటేల్ హాలు కిక్కిరిసి ఉంది. గుమ్మంలో అన్న నిలబడగానే ఇరవై మంది ఒక్కసారి లేచారు. రెండు కుర్చీలు బోర్లాపడ్డాయి, ఒక గ్లాసు టీ ఎవరి ఒళ్ళోనో పడింది, ఆయన ఆ మంటను కూడా మర్యాదగా భరించాడు. మోకాలు నొప్పివాళ్ళు, దోమలవాళ్ళు, పొద్దున్నే లేచేవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు, తలలు వంచుకుని. చిన్న పటేల్ చేతిలో రిమోటుతో "రా అన్నా" అన్నాడు.

"కూసోండ్రి. నేను టీవీ సూసెతందుకు రాలే," అని పటేల్ టీవీ చూడసాగాడు.

ఎవరూ కూర్చోలేదు. బౌలర్ వచ్చాడు. బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి అడ్డంగా ఊపాడు. మూడు కర్రల్లో నడిమిది గాలిలో గిరగిరా తిరిగింది. ఆ కర్ర శామీర్‌పేట చెరువులో పడిందని అంటే మీరు నమ్మరు కాబట్టి అనను. కానీ ఆ గదిలో ఒక్కడు కూడా కేక వెయ్యలేదు. బ్యాటు చంకలో పెట్టుకుని ఆ కుర్రాడు బయటికి నడుస్తుండగా పటేల్ గిర్రున తిరిగి, పంచె ఎగగట్టి, తన ఇంటి వైపు ఆ వయసులో పరుగులాంటిది తీశాడు.

ఇటు హాలులో అదే బ్యాట్స్‌మన్ గీత దగ్గర నిలబడి చేతి తొడుగు సర్దుకుంటున్నాడు.

పటేల్ తెర ముందు నిలబడిపోయాడు. తర్వాత చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు: "వద్దు బిడ్డా. ముంగటికి రాకు. అడ్డం ఊపకు. ఆగు, నా మాట ఇను."

బిడ్డ వినలేదు. ముందుకొచ్చి అడ్డంగా ఊపాడు. నడిమి కర్ర మళ్ళీ గాలిలో గిరగిరా తిరిగింది.

పటేల్ చెక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆ మొహంలో కోపం వెతికాను, కనిపించలేదు. మొదటిసారి రైలు చూసిన మనిషి మొహం అది. "గీయన రెండుసార్లు ఔటైండు," అన్నాడు అంజమ్మతో. "రెండోసారి నేను చెప్తనే ఉన్న."

తర్వాత కిష్టయ్య వైపు తిరిగాడు. "కిష్టయ్యా. నీ మోకాలు నొచ్చింది గిందుకేనా?"

"ఇప్పుడు తక్కువైంది పటేలా," అన్నాడు కిష్టయ్య.

"గన్ని దినాల సంది నేను కొడ్తడు కొడ్తడంటుంటె, వాడు ఔటైండని ఎర్కుండి అంతే పటేలా అంటివి గదనే!"

"ఇంక ఏమంటం పటేలా?"

పటేల్ నవ్వాడు. ఆ నవ్వుకు గోడ అవతల కూడా ఎవరో నవ్వారు, ఒంటి ఇటుక గోడ కదా.

మిగిలింది అల్లుడి సమస్య. డబ్బా తీసేస్తే అల్లుడికి అవమానం, ఉంచితే జనం రారు. దీనికి సాంకేతికంగా పరిష్కారం చాలా చిన్నది. టీవీ వెనక తీగలు పెట్టుకునే రంధ్రాలు రెండు మూడుంటాయి. ఒకదానిలో డబ్బా ఉంటుంది, ఇంకోదానిలో కేబుల్ పెట్టుకోవచ్చు, రిమోటు మీద ఒక మీట నొక్కితే ఇటు నుంచి అటు మారుతుంది. పగలు సినిమాలకు అల్లుడి డబ్బా, మ్యాచ్‌కు డొక్కు వైరు. షఫీ ఆ మీట మీద అంజమ్మ బొట్టుబిళ్ళ ఒకటి అతికించి, ఎర్రది నొక్కితే ఆట అని నేర్పాడు. అల్లుడికి చెప్పే పని అంజమ్మ తీసుకుంది. మా ముందే ఫోన్ చేసి, "మీ మామకు పాత వైరు మీద మనసైంది బాబూ, వయసు గదా" అని మొత్తం నేరం మొగుడి వయసు మీద వేసి తేల్చేసింది. పటేల్‌కు వినపడలేదు. లేదా కుడి చెవి వద్దనుకుంది.

ఇక టీవీ. ఎనభై అయిదు వద్దని నేనే చెప్పాను. ఆ హాలులో కుర్చీలు అటూ ఇటూ బాగా పరుచుకుని ఉంటాయి కాబట్టి సైజు కన్నా పక్క చూపు ముఖ్యమని, చివర కూర్చున్నవాడికి కూడా మనుషులు మనుషుల్లా కనపడే యాభై అయిదు అంగుళాల ప్యానెల్ ఒకటి ఉందని వివరించాను. పటేల్ సరేనన్నాడు, ఆ వారంలోనే పంపించాం. తర్వాతి మ్యాచ్ రోజు పని మీద అటు వెళ్తూ తొంగిచూశాను. హాలు నిండింది. కిష్టయ్య నడుమ కుర్చీలో, ఈసారి మొత్తంగా కూర్చున్నాడు. గోడకు అటూ ఇటూ ఒకేసారి కేక లేచింది. పటేల్ కూడా కేక వేసి, ఆట వదిలేసి వెనక్కి తిరిగి, ఎవరెవరు అరిచారో కుర్చీ వెంట కుర్చీ చూసుకున్నాడు. చాలామంది తిరిగొచ్చారు. కొందరు అవతలే ఉండిపోయారు, అక్కడ టీలో చక్కెర ఎక్కువట.

ఈ సంఘటన నాకు నేర్పింది పని క్రమానికి సంబంధించిన విషయం. కస్టమర్ పెద్దది కావాలన్నప్పుడు ముందు గోడ కొలవకూడదు. ఆ టీవీ ముందు ఎవరు కూర్చోవాలని అతను కోరుకుంటున్నాడో కనుక్కోవాలి, తర్వాత బొమ్మ ఏ తీగలోంచి వస్తోందో చూడాలి, ఆ తర్వాతే టేపు తియ్యాలి. మేడ్చల్‌లో ఉన్నన్నాళ్ళూ నా సైట్ విజిట్లు ఆ వరసలోనే చేశాను. అందువల్ల అమ్మకాలు పెరగలేదు. వెనక్కి వచ్చే ప్యానెళ్ళు మాత్రం తగ్గాయి.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పి ముగిస్తాను. రెండు పెళ్ళిళ్ళ హాలును, ఊరు కూలిన కేకను మీరు ఈపాటికే దించుకుని ఉంటారు. రెండుసార్లు ఔటైన బ్యాట్స్‌మన్‌ను దించకండి, అతను మేకే. పటేల్ అతన్ని వారించిన మాటలు కూడా అక్షరాలా అవే. కల్పించింది యాభై అయిదు అంగుళాల ప్యానెల్‌ను. దాన్ని నేను ఆయనకు అమ్మలేదు. సోమవారం కేబుల్ వైరు వచ్చింది, సాయంత్రానికి కుర్చీలు నిండాయి, నేను తొంగిచూసింది ఆ పాత నలభై మూడు ముందు కూర్చున్న జనాన్నే. మర్నాడు పటేల్ ఫోన్ చేసి, "టీవీ ఎందుకిగ సారూ, మంచిగనే ఉన్నది గద" అన్నాడు. ఎనభై అయిదు ఏమైందని మేనేజరు అడిగితే, కస్టమర్ ఇంకా ఆలోచిస్తున్నాడని చెప్పాను. నాకు తెలిసినంతవరకు ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు.